వీపు చూసి అంతస్తు చెప్పొచ్చా? ఇంప్రెషనిస్టుల పోర్ట్రెయిట్ల గురించి కొన్ని మాటలు

(చిత్రకళాభిమానుల సభలో స్లైడ్లు చూపిస్తూ చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

ఇంప్రెషనిస్టులు, అంటే 1870ల పారిస్‌లో సొంతంగా ప్రదర్శనలు పెట్టుకున్న చిత్రకారుల గుంపు అనగానే మనలో చాలామందికి తామరపూల చెరువు, పొగమంచు, ఎండలో మెరిసే నది గుర్తొస్తాయి. అదంతా మొనె పుణ్యం. కానీ ఆ గుంపులో రెన్వార్, దెగా, బెర్త్ మోరిజో, మేరీ కసాట్ ప్రధానంగా మనుషుల్ని వేసినవాళ్ళు. ఈ సాయంత్రం చెట్లనీ చెరువుల్నీ పక్కన పెట్టి వాళ్ళు వేసిన మనుషుల దగ్గరికి వెళ్దాం. నాకు ఆసక్తి ఒక్క విషయం మీదే. 1870ల పారిస్‌లో డబ్బున్న మనిషి బొమ్మ వేయాలంటే, ఆ డబ్బుని ఎక్కడ చూపించాలి? ముఖంలోనా, బట్టల్లోనా, గదిలోనా, నిలబడిన తీరులోనా? పాతకాలంలో దీనికి జవాబు అందరికీ తెలుసు. వీళ్ళ కాలానికి ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ తెలియకపోవడం బొమ్మల్లో కనిపిస్తుంది. నాకు నచ్చేది అదే.

మొదటి స్లైడు వేయండి. ఇది రెన్వార్ 1878లో వేసిన మదామ్ షార్పాంతియె, ఆవిడ పిల్లల బొమ్మ. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అయిదడుగుల ఎత్తు, ఆరడుగులకి పైన వెడల్పు. స్లైడులో చూస్తే ఆ సైజు తెలియదు గానీ, ఇది ఒక గోడనంతా ఆక్రమించే బొమ్మ.

ఒక నిమిషం ఆవిడ ముఖం చూడకండి. కింద నుంచి మొదలుపెట్టండి. ఎడమవైపు నేల మీద పెద్ద న్యూఫౌండ్‌లాండ్ కుక్క పడుకుని ఉంది. దాని పేరు పోర్తోస్. దాని వీపు మీద ఆరేళ్ళ జార్జెట్ కూర్చుంది, ఏదో దివాన్ మీద కూర్చున్నంత ధీమాగా. కుక్క నలుపు తెలుపు. మదామ్ గౌను కూడా నలుపు తెలుపే. నల్ల గుడ్డ కింద నుంచి తెల్ల లేసు బయటికొచ్చి తివాచీ మీద పరుచుకుంది. రెన్వార్ ఆ రెండు నలుపుల్నీ కావాలనే ఎదురెదురుగా పెట్టాడు. మధ్యలో ఇద్దరు పిల్లలు లేత నీలం, తెలుపు బట్టల్లో ఉన్నారు. తల్లి పక్కన సోఫాలో ఉన్నది ఆడపిల్ల అనుకుంటున్నారు కదా? కాదు, మూడేళ్ళ పాల్. జుట్టు కత్తిరించకుండా, అక్కకి వేసిన గౌనే వేశారు. ఆ రోజుల్లో పెద్దింటి పసి మగపిల్లలకి అలా వేయడం ఫ్యాషన్.

ఇప్పుడు వెనక్కి చూడండి. వెదురు కుర్చీ. పూలు, పండ్లు పెట్టిన చిన్న బల్ల. గోడల మీద బంగారు, ఎరుపు రంగుల్లో జపాన్ తరహా తెరలు. జపాన్ రేవులు పడమటి దేశాల వ్యాపారానికి తెరుచుకుని అప్పటికి పాతికేళ్ళయినా కాలేదు. 1878లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. జపాన్ వస్తువులంటే నగరం ఊగిపోతున్న ఏడాది అది. ఆ ఏడాదే ఆవిడ ఇంట్లో ఆ గది ఉంది, ఆ గదిలోనే కూర్చుని బొమ్మ వేయించుకుంది. తాతల నాటి కుర్చీ ఒక్కటి లేదు. వంశ చిహ్నం లేదు. గోడ మీద పూర్వీకుల బొమ్మ లేదు. ఆ గదిలో ఉన్నదంతా ఈమధ్యే కొన్న సామాను. కొనడానికి డబ్బుంది, ఏది కొనాలో తెలుసు అని ఆ గది చెబుతోంది.

ఆ డబ్బు ఎక్కడిది? భర్త జార్జ్ షార్పాంతియె పుస్తక ప్రచురణకర్త. ఫ్లోబేర్, జోలా, దోదే పుస్తకాలు వేసినవాడు. వాళ్ళ నాన్న 1838లో మూడున్నర ఫ్రాంకుల చవక పుస్తకాలు మొదలుపెట్టి, అంతకుముందు కొనలేని వాళ్ళ చేత కూడా పుస్తకాలు కొనిపించాడు. అంటే కొత్తగా చదవడం మొదలుపెట్టిన జనం ఇచ్చిన చిల్లరే ఆ జపాన్ తెరలుగా మారింది. మదామ్ మార్గెరిత్ శుక్రవారాలు ఇంట్లో గోష్ఠి పెట్టేది. రచయితలు, చిత్రకారులు, గాంబెత్తా లాంటి రిపబ్లికన్ నాయకులు వచ్చేవాళ్ళు. పరపతి అంటే అది. 1879 సలోన్‌లో, అంటే ప్రభుత్వ ఆధ్వర్యంలో జరిగే పెద్ద ప్రదర్శనలో, ఈ బొమ్మకి మంచి చోటు దొరికింది. ఆవిడ మాట సాయం లేకపోతే అది దొరికేది కాదు. ఆ ఏడాది రెన్వార్ తన ఇంప్రెషనిస్టు మిత్రుల ప్రదర్శనకి బొమ్మలు పంపలేదు. స్నేహితులు వేరే దారి చూసుకుంటుంటే తను సలోన్‌కి వెళ్ళాడు. కొంతమంది దీన్ని ద్రోహం అంటారు. నేనైతే అనను. రెన్వార్ లిమోజ్‌లో దర్జీ కొడుకుగా పుట్టాడు, తల్లి కూడా కుట్టుపని చేసేది. కుర్రవాడిగా పింగాణీ పాత్రల మీద పూలు వేసి కూలి సంపాదించాడు. గౌను ఎలా జారుతుందో, లేసు ఎక్కడ ముడుచుకుంటుందో ఆ కళ్ళకి ముందే తెలుసు. పైగా అతనికి అద్దె కట్టాల్సిన అవసరం ఉంది.

ఇప్పుడు ముఖం చూడండి. ప్రశాంతంగా ఉంది, అంతే. అందులో పెద్దగా చదవడానికి ఏమీ లేదు. చెప్పాల్సినదంతా చుట్టూ ఉన్న సామాను చెప్పేసింది.

కాస్త వెనక్కి వెళ్దాం. 1832లో ఆంగ్ర్ వేసిన బెర్తాన్ అనే పెద్దమనిషి బొమ్మ లూవ్ర్‌లో ఉంది. ఈయన పత్రిక యజమాని, మధ్యతరగతి నుంచి పైకొచ్చిన మనిషే. కానీ ఆ బొమ్మలో సామాను లేదు. కుర్చీ, మనిషి, మోకాళ్ళ మీద బరువుగా ఆనించిన రెండు చేతులు. ఆ చేతులు, ఆ చూపు చాలు, ఎదురుగా ఉన్నవాడు లేచి నిలబడాలి. ఆంగ్ర్‌కి హోదా అనేది మనిషి ఒంట్లోనే ఉంటుందని నమ్మకం. యువకుడిగా ఉన్నప్పుడు దెగా ఆంగ్ర్‌ని కలిసి సలహా తీసుకున్నాడు, చివరిదాకా ఆయన్ని పూజించాడు. కానీ ఆ నమ్మకాన్ని మాత్రం కొనసాగించలేకపోయాడు.

మధ్యలో రెండు జరిగాయి. ఒకటి బట్టల సంగతి. మగవాళ్ళంతా నల్ల కోటుకి మారారు. బ్యాంకరుదీ నల్ల కోటే, గుమస్తాదీ నల్ల కోటే. కవి బోదలేర్ 1846లోనే ఈ నల్ల కోటు గురించి రాశాడు. అందరం ఏదో చావుకి వచ్చినట్టున్నామని ఎగతాళి చేస్తూనే, ఇదే మన కాలపు అందం, చిత్రకారులు దీన్నే వేయాలి అన్నాడు. రెండోది ఫోటో. 1854లో దిస్దెరి అనే ఫోటోగ్రాఫర్ ఒకే ప్లేటు మీద ఎనిమిది దాకా చిన్న ఫోటోలు తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. విజిటింగ్ కార్డు సైజు. దెబ్బకి ధర పడిపోయింది. స్టూడియోలో ఒక అట్ట స్తంభం, ఒక బరువైన తెర, ఒక చెక్కిన కుర్చీ ఉండేవి. మన ఊళ్ళ పాత ఫోటో స్టూడియోల్లో తాజ్‌మహల్ తెర ముందు నిలబడి దిగేవాళ్ళం చూశారా, అలాగే. కిరాణా కొట్టు యజమానీ, ప్రభువూ అదే స్తంభానికి ఆనుకుని దిగారు. రాజుల పోర్ట్రెయిట్లలో మూడు వందల ఏళ్ళు పనిచేసిన స్తంభం, తెర ఒక్కసారిగా చవకబడిపోయాయి. ఇక చిత్రకారుడు వాటిని వాడితే నవ్వులపాలే.

అప్పుడు వచ్చాడు ద్యూరాంతి. నవలలు రాసేవాడు, విమర్శకుడు, దెగా స్నేహితుడు. 1876లో ఇంప్రెషనిస్టుల రెండో ప్రదర్శన సమయంలో కొత్త చిత్రకళ గురించి ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో అతని వాదన ఇది: వీపు చూపించి కూడా మనిషి స్వభావం, వయసు, సంఘంలో అతని స్థానం చెప్పగలగాలి. చేతులు చూస్తే జడ్జో, వ్యాపారో తెలియాలి. మనిషిని ఖాళీ నేపథ్యం ముందు నిలబెట్టకండి, అతను ఉండే గదిలో, అతను నడిచే వీధిలో వేయండి. ఇవాళ మనకి ఇది మామూలు మాటలా అనిపిస్తుంది. అప్పటికి ఇది కొత్త.

అదే ప్రదర్శనలో ఈ బొమ్మ ఉంది. చూడండి, అచ్చంగా వీపే. గుస్తావ్ కాయ్‌బొత్ వేసిన ‘కిటికీ దగ్గర యువకుడు’. నిలబడింది అతని తమ్ముడు రెనె. రెండు చేతులూ జేబుల్లో, కాళ్ళు ఎడంగా, కింద వీధిని చూస్తున్నాడు. వెనక ఎర్ర వెల్వెట్ కుర్చీ, ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. ఎదురుగా ఓస్మాన్ అనే అధికారి కట్టించిన కొత్త పారిస్, వెడల్పాటి రోడ్లు, ఒకే ఎత్తు మేడలు. కింద రోడ్డు మీద చిన్నగా ఒక ఆడమనిషి ఒంటరిగా నడుస్తోంది. ముఖం లేదు. అయినా ఆ కుర్రవాడి సంగతంతా తెలిసిపోతోంది. పని లేదు, చేయాల్సిన అవసరమూ లేదు. మిట్టమధ్యాహ్నం ఇంట్లో నిలబడి రోడ్డు చూడగలిగిన తీరిక ఉంది. అతనికి బోర్ కొడుతోందేమో అని నా అనుమానం. జేబుల్లో చేతులు పెట్టుకోవడమంటే ఇంట్లో ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని. కాయ్‌బొత్ తండ్రి సైన్యానికి పరుపులు, దుప్పట్లు సరఫరా చేసి ఆస్తి సంపాదించాడు. 1874 చివర్లో పోయాడు. కొడుకులు ఆ మేడలో మిగిలారు. బొమ్మ ప్రదర్శనకి వచ్చిన ఏడాదిలోనే, 1876 నవంబర్‌లో, రెనె కూడా చనిపోయాడు. పాతికేళ్ళ వయసు. ఆ తర్వాత గుస్తావ్ తన వీలునామా రాసేశాడు. మొనె, రెన్వార్, దెగా, సెజాన్‌ల దగ్గర కొన్న బొమ్మలన్నీ ప్రభుత్వానికి చెందాలని అందులో రాశాడు. ఈ వీపు బొమ్మని 2021లో గెట్టీ మ్యూజియం అయిదు కోట్ల డాలర్లకి పైగా పెట్టి కొంది.

దెగా దగ్గరికి వద్దాం. ఈయన దగ్గర కాసేపు ఆగుతాను, నాకు ఇష్టం కాబట్టి. ఇష్టమంటే బొమ్మల మీద. మనిషిగా కష్టం, అది తర్వాత చెబుతాను.

దెగా బ్యాంకరు కొడుకు. ఇంటిపేరుని కుటుంబం ‘ద గా’ అని విడదీసి రాసేది, అలా రాస్తే కులీనుల పేరులా ఉంటుంది. ఈయన పెద్దయ్యాక కలిపి రాయడం మొదలుపెట్టాడు. 1858లో ఫ్లోరెన్స్‌లో ఉన్న మేనత్త లారా ఇంటికి వెళ్ళి, ఆ కుటుంబం బొమ్మ మొదలుపెట్టాడు. పూర్తి చేయడానికి ఏళ్ళు పట్టింది. ‘బెలెల్లి కుటుంబం’, ఇప్పుడు ఓర్సే మ్యూజియంలో ఉంది. మామయ్య బెలెల్లి బారన్. కానీ నేపుల్స్ రాజకీయాల్లో తలదూర్చి దేశం వదిలి పారిపోయి వచ్చినవాడు, సామానుతో సహా అద్దెకి తీసుకున్న ఇంట్లో ఉంటున్నాడు. బిరుదు ఉంది, ఇల్లు లేదు. అత్తయ్య నల్ల బట్టల్లో నిటారుగా నిలబడింది. తండ్రి పోయిన మైల. ఆయన బొమ్మ ఆవిడ వెనకే గోడ మీద ఉంది. ఆవిడ రాణిలా ఉంది. మామయ్య మాత్రం కుర్చీలో మనకి వీపు తిప్పి, సగం ముఖం చూపిస్తున్నాడు. ఇంటి యజమాని వీపు చూపించే కుటుంబ పోర్ట్రెయిట్ అంతకుముందు ఎవరు వేయించుకుని ఉంటారు? వాళ్ళిద్దరికీ పడదని ఉత్తరాల వల్ల మనకి తెలుసు. ఉత్తరాలు చదవకపోయినా బొమ్మ చెబుతోంది. ఇద్దరి మధ్యా బల్ల కాలు, కుర్చీ, అద్దం అంచు అన్నీ గోడల్లా నిలువుగా ఉన్నాయి. మధ్యలో చిన్న కూతురు జూలియా ఒక కాలు మడిచి గౌను కింద దాచుకుని కూర్చుంది. పెద్దింటి పద్ధతి ఎలా ఉండాలో నేర్పించారు, ఆ పిల్ల సగం మాత్రమే పాటించింది. కుడి పక్క కుక్క బొమ్మలోంచి వెళ్ళిపోతోంది, తల అప్పటికే బయటికి పోయింది.

తర్వాతది అమెరికాలోని న్యూ ఆర్లీన్స్. దెగా తల్లి వైపు వాళ్ళు అక్కడి పత్తి వ్యాపారులు. 1872 చివర్లో అక్కడికి వెళ్ళి కొన్ని నెలలు ఉన్నాడు. 1873లో మామయ్య మిషెల్ ముసోన్ పత్తి ఆఫీసుని వేశాడు. ముందు పొడుగు టోపీతో కూర్చుని, వేళ్ళతో పత్తి పింజ లాగి చూస్తున్న పెద్దాయన మామయ్య. మధ్యలో కాళ్ళు చాపి పేపర్ చదువుతున్నది దెగా తమ్ముడు రెనె. ఎడమ చివర గోడకి ఆనుకుని ఊరికే నిలబడ్డది ఇంకో తమ్ముడు అషీల్. కుడివైపు చొక్కా చేతులతో లెక్కల పుస్తకం మీద వంగినవాడు గుమస్తా. కోటు ఎవరికుందో, చొక్కా చేతులతో ఎవరున్నారో చూడండి, ఆఫీసులో ఎవరి స్థానం ఏమిటో తేలిపోతుంది. పత్తి గురించి తెలిసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు కాబట్టి ఒక మాట: పింజ పొడుగు చూడటానికి వేళ్ళతో అలా లాగడం గుంటూరు మార్కెట్లో ఇవాళ్టికీ చూడొచ్చు. సంబంధం ఇంకోటి కూడా ఉంది. 1861 నుంచి 65 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు, ఇంగ్లండ్ మిల్లులు మన దేశం వైపు తిరిగాయి. గుంటూరు ప్రాంతపు పత్తి కాకినాడ రేవు నుంచి వెళ్ళేది. అక్కడి వ్యాపారంలో ‘కొకనాడాస్’ అని దానికో పేరే ఉంది. ఆ యుద్ధం ముసోన్ లాంటి వాళ్ళని దెబ్బతీసింది, ఆ పేరుని నిలబెట్టింది.

ఈ బొమ్మలో అందరూ ఎంత తీరిగ్గా ఉన్నారో గమనించండి. నిజానికి ఆ కంపెనీ అదే సమయంలో, 1873 ఫిబ్రవరిలో మూతపడింది. దివాళా తీస్తున్న ఆఫీసులో ఒకాయన పేపర్ చదువుకుంటున్నాడు. ఇంకొకటి, ఆ పత్తిని పండించి, ఏరి, మోసిన నల్లవాళ్ళు ఒక్కరు కూడా ఈ బొమ్మలో లేరు. బానిసత్వం రద్దయి పదేళ్ళు కూడా కాలేదు. బల్ల మీద తెల్లగా పరిచిన ఆ పత్తి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో బొమ్మ చెప్పదు. దెగా ఉద్దేశం మాంచెస్టర్ మిల్లు యజమాని ఎవరికైనా అమ్మాలని. అది కుదరలేదు. 1878లో ఫ్రాన్స్ దక్షిణాన పో అనే ఊరి మ్యూజియం 2,000 ఫ్రాంకులకి కొంది. ఈ ఇంప్రెషనిస్టుల బొమ్మల్లో మ్యూజియం డబ్బిచ్చి కొన్న మొదటిది ఇదే. ఆ డబ్బు దెగాకి అవసరం. 1874లో తండ్రి పోయాక కుటుంబం అప్పులు బయటపడ్డాయి. బ్యాంకరు కొడుకు బొమ్మలు అమ్మి బతకాల్సి వచ్చింది.

మనిషిగా కష్టం అన్నాను కదా. ఈ బొమ్మ చూడండి, పారిస్ స్టాక్ ఎక్స్చేంజ్ మెట్ల దగ్గర, 1879 ప్రాంతం. మధ్యలో నల్ల టోపీ, కళ్ళజోడు ఉన్నాయన ఎర్నెస్ట్ మే, యూదు బ్యాంకరు, బొమ్మలు కొనేవాడు. ఆయన భుజం మీదుగా ఒకడు చెవిలో ఏదో ఊదుతున్నాడు. ఎడమ వెనక ఇంకో ఇద్దరు గుసగుసలాడుతున్నారు, వాళ్ళ ముఖాలు అలికేసినట్టున్నాయి. ఆధునిక వ్యాపారం అంటే చెవిలో పడే సమాచారమే అని దెగా పట్టుకున్నాడు, అది గొప్ప పరిశీలన. కానీ పత్తి ఆఫీసులో సొంతవాళ్ళని వేసిన చేయి, ఇక్కడ యూదుల్ని వేసిన చేయి ఒకటేనా? అక్కడ అందరికీ ఎవరి ముఖం వాళ్ళకుంది. ఇక్కడ వెనకున్నవాళ్ళకి ముక్కులు, గుసగుసలు మాత్రమే ఉన్నాయి. దీన్ని కొట్టిపారేయలేం. ఎందుకంటే తర్వాత ద్రెఫ్యూస్ కేసులో, అంటే ఒక యూదు సైనికాధికారిని దేశద్రోహి అని తప్పుగా శిక్షించిన కేసులో, దెగా యూదు వ్యతిరేకుల పక్షాన నిలబడ్డాడు, 1897లో ఏళ్ళ తరబడి స్నేహితులైన అలేవీ కుటుంబంతో కూడా తెంచుకున్నాడు. చిత్రమేమిటంటే ఆ ఎర్నెస్ట్ మే ఈ బొమ్మని దాచి, 1923లో ఫ్రాన్స్ ప్రభుత్వానికే ఇచ్చాడు.

రెన్వార్ దగ్గరికి మళ్ళీ. ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శన, 1874 ఏప్రిల్, ఫోటోగ్రాఫర్ నాదార్ ఖాళీ చేసిన స్టూడియోలో. ఇదిగో, అక్కడ పెట్టిన ‘లా లోజ్’. నాటకశాలలో ఖరీదైన బాక్సు. ముందు ఆవిడ నలుపు తెలుపు చారల గౌను, మెడ నిండా ముత్యాలు, జుట్టులో పూలు. వెనక ఆయన బైనాక్యులర్స్ పైకెత్తి వేరే బాక్సులో ఎవరినో చూస్తున్నాడు. స్టేజీ వైపు ఇద్దరూ చూడటం లేదు. గొప్ప ఇంటి దంపతులు అనుకుంటాం. నిజానికి ఆయన రెన్వార్ తమ్ముడు ఎద్మోన్, జర్నలిస్టు. ఆవిడ నీని, డబ్బులిచ్చి కూర్చోబెట్టే మోడల్. వేషం వేశారు, బాక్సులో కూర్చోబెట్టాడు. ఆనాటి విమర్శకులకి చిరాకు ఇక్కడే వచ్చింది. ఆవిడ పరువుగల ఇంటి ఇల్లాలా, ఎవరో పోషిస్తున్న మనిషా అని తేల్చుకోలేక ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి రాశారు. గౌను ఎవరైనా వేసుకోగలిగిన కాలంలో ఆ తేడా ఎలా చెప్పాలి? పారిస్‌లో అప్పటికే పెద్ద పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు వచ్చేశాయి, రెడీమేడ్ బట్టలు దొరుకుతున్నాయి. ఇంతా చేసి రెన్వార్ ఆ బొమ్మని ఒక చిన్న వ్యాపారికి 425 ఫ్రాంకులకి అమ్ముకున్నాడు.

అదే ప్రదర్శనలో ఇంకో బొమ్మ, ‘పారిస్ అమ్మాయి’. నీలం గౌను, నీలం టోపీ, చేతి తొడుగు సరిచేసుకుంటూ మన వైపు చూస్తోంది. పోజిచ్చింది ఆన్రియెత్ ఆన్రియో అనే కుర్ర నటి. కానీ పేరు పెట్టకుండా ‘పారిస్ అమ్మాయి’ అన్నాడు. మొదట్లో వెనక ఒక తలుపు, ఒక తెర వేశాడు, తర్వాత చెరిపేశాడు. తలుపు ఉంటే ఆమె ఏ ఇంట్లో ఉందో ఊహిస్తాం. ఇప్పుడు గౌను తప్ప ఆధారం లేదు. ఈ బొమ్మ వేల్స్‌లో కార్డిఫ్‌లో ఉంది. నన్నడిగితే షార్పాంతియె బొమ్మ కన్నా ఇదే ధైర్యమైన పని.

సెజాన్ సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. విక్తోర్ షొకె అనే కస్టమ్స్ గుమస్తా ఉండేవాడు, జీతం డబ్బుల్లో మిగిల్చి వీళ్ళ బొమ్మలు కొనేవాడు. సెజాన్ ఆయన ముఖం వేసి 1877లో ప్రదర్శనకి పెట్టాడు. పత్రికలు ఆడుకున్నాయి. ఈ రంగులేమిటి అని.

ఇక డబ్బిచ్చి వేయించుకున్న వాళ్ళు తర్వాత ఏమనుకున్నారు? బ్యాంకరు లూయీ కాహెన్ దాన్వేర్ కుటుంబం ఉంది. 1880లో రెన్వార్ పెద్ద కూతురు ఇరెన్‌ని వేశాడు, పొడుగు ఎర్రజుట్టుతో పక్కకి తిరిగి కూర్చున్న ఆ బొమ్మ మీరు క్యాలెండర్ల మీద కూడా చూసి ఉంటారు. 1881లో చిన్నపిల్లలు అలిస్, ఎలిజబెత్‌లని కలిపి వేశాడు. ఒకరిది గులాబీ నడికట్టు, ఒకరిది నీలం. దాని పేరే ‘గులాబీ, నీలం’ అయిపోయింది, ఇప్పుడు బ్రెజిల్‌లో సావో పాలో మ్యూజియంలో ఉంది. కుటుంబానికి బొమ్మలు నచ్చలేదు. డబ్బు ఆలస్యంగా ఇచ్చారు, ఇచ్చింది 1,500 ఫ్రాంకులు. అది చాలా పిసినారితనమని రెన్వార్ ఉత్తరంలో సణుక్కున్నాడు. చిన్నపిల్లల బొమ్మని మేడ మీద పనివాళ్ళుండే అంతస్తులో తగిలించారట. అంత డబ్బున్న వాళ్ళకి కూడా ఏ చిత్రకారుడితో వేయించుకుంటే పరువో తెలియలేదు, అప్పటికి బోనా లాంటి అకాడమీ చిత్రకారులదే రాజ్యం. ఈ పిల్లల తర్వాతి కథ వేరే. ఎలిజబెత్‌ని 1944లో నాజీలు ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపారు, తిరిగి రాలేదు. ఇరెన్ కూతురు బెయాత్రిస్, మనవలు అక్కడే చనిపోయారు. ఇరెన్ బొమ్మని నాజీలు దోచుకున్నారు. యుద్ధం తర్వాత 1946లో బొమ్మ ఆవిడకి తిరిగి వచ్చింది. అప్పటికి డెబ్భై దాటిన ఇరెన్ కొన్నాళ్ళకే దాన్ని స్విట్జర్లాండ్ ఆయుధాల వ్యాపారి బూర్లెకి అమ్మేసింది. ఆ పట్టు రిబ్బన్లు చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది, ఏం చేయను.

చివరిగా ఆడవాళ్ళు వేసిన బొమ్మలు. పారిస్ ప్రభుత్వ కళాశాలలో 1897 దాకా ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. మోరిజో, కసాట్ ఇద్దరూ డబ్బున్న ఇళ్ళ ఆడపిల్లలు. అందువల్ల బొమ్మలు వేసే తీరిక దొరికింది. కానీ అదే పరువు వాళ్ళని కాఫీ హోటళ్ళకి, వీధులకి ఒంటరిగా వెళ్ళనివ్వలేదు. దెగా స్టాక్ ఎక్స్చేంజ్ దగ్గర నిలబడగలడు. వాళ్ళు నాటకశాల బాక్సులో, తోటలో, హాల్లో నిలబడగలరు. అక్కడి నుంచే వేశారు. 1878లో కసాట్ తన తల్లిని వేసింది. కళ్ళజోడు పెట్టుకుని ‘ఫిగరో’ పత్రిక చదువుతోంది. సెజాన్ 1866లో తండ్రిని పేపర్ చదువుతున్నట్టు వేశాడు, దాన్ని ఎవరూ వింతగా చూడరు. పెద్దింటి ఆడవాళ్ళని పుస్తకంతోనో, అల్లికతోనో వేయడం మామూలు. దినపత్రికతో, అదీ అంత ఏకాగ్రతతో! ఆవిడ మనల్ని పట్టించుకోవడం లేదు, వార్తలే ముఖ్యం.

మోరిజోది 1880 నాటి బొమ్మ ఒకటి చెప్పాలి. ఒక ఆడమనిషి తోటలో బిడ్డకి పాలిస్తోంది. తల్లీబిడ్డా అనుకుంటాం, మేరీమాత బొమ్మలు చూసిన అలవాటు కొద్దీ. కానీ ఆవిడ జీతానికి పాలిచ్చే దాది, పేరు ఆంజెల్. బిడ్డ మోరిజో సొంత కూతురు జూలీ. అంటే ఇక్కడ ఇద్దరు పని చేస్తున్నారు. ఒకరు పాలిస్తూ, ఒకరు బొమ్మ వేస్తూ. ఆ రెండో పని జరగాలంటే మొదటి పనికి జీతం ఇవ్వాలి. ఇద్దరి ముఖాలూ రంగు గీతల్లో సగం కరిగిపోయాయి. ఇంప్రెషనిస్టుల ఎనిమిది ప్రదర్శనల్లో ఏడింట బొమ్మలు పెట్టిన ఈ మోరిజో 1895లో చనిపోతే, మరణ ధ్రువపత్రంలో ‘వృత్తి లేదు’ అని రాశారు.

చివరి స్లైడు, కసాట్ వేసిన ‘టీ బల్ల దగ్గర’. మెట్రోపాలిటన్ మ్యూజియంలోదే. 1883లో మొదలుపెట్టింది. ఆవిడ కసాట్ తల్లికి బంధువు, మిసెస్ రిడిల్. నీలం, తెలుపు, అంచుకి బంగారం ఉన్న చైనా టీ సెట్టు ముందు కూర్చుంది. ఆ టీ సెట్టు ఆవిడ కూతురు కసాట్ కుటుంబానికి ఇచ్చిన కానుక. దానికి బదులుగానే ఈ బొమ్మ. టీపాట్ పిడి పట్టుకున్న చేయి చూడండి, మణికట్టు దగ్గర తెల్ల లేసు. ఇంట్లో ఎవరికి ఎంత పోయాలో నిర్ణయించేది ఆ చేయి. ముఖం కటువుగా ఉంది, కళ్ళు నీలంగా, ఎవరినీ చూడకుండా. బట్టలు, సామాను, హోదా అన్నీ ఉన్నాయి. అయితే కసాట్ ముఖాన్ని కూడా వదల్లేదు, అందుకే చిక్కొచ్చింది. కూతురుకి బొమ్మ నచ్చలేదు. అమ్మ ముక్కు మరీ పెద్దగా వేశావు అంది. కసాట్ బాధపడి బొమ్మని తీసి లోపల పెట్టేసింది. దాదాపు ముప్ఫై ఏళ్ళు అలాగే ఉంది. స్నేహితురాలు లూయిజీన్ హావ్‌మేయర్ చూసి పట్టుబట్టాక, 1914లో పారిస్‌లో ప్రదర్శనకి పెట్టింది. 1923లో మ్యూజియానికి ఇచ్చేసింది.

ముక్కు నిజంగా పెద్దదా కాదా అనేది మీరే చూసి చెప్పండి. లైట్లు వేయించండి బాబూ. వెనక వరుసలో చేయెత్తారు, మొదటి ప్రశ్న మీదే.